ఏ వాక్యమూ వదలరాదు

మంగళవారం పొద్దున పది గంటలకు మార్గరెట్ సీలు వేసిన కవరు చించి, లోపలి కాగితాన్ని ఝాన్సీలక్ష్మి ముందు బోర్లా పెట్టింది. చరిత్ర విభాగంలో ఎం.ఏ. విద్యార్థుల కాగితాలన్నీ చూసే ఉద్యోగిని ఆవిడ. గడియారం చూసి, రెండు గంటలు, ఒక పేజీ, డిక్షనరీ వాడొచ్చు, ఏ వాక్యమూ వదలరాదు అని చెప్పి, తలుపు పక్క కుర్చీలో అల్లిక తీసుకుని కూర్చుంది.

ఆ డిగ్రీ చేతికి రావాలంటే ఆరు కోర్సులు, అరవై పేజీల పరిశోధన వ్యాసం, ఇంగ్లీషు కాక మరో భాష చదవగలనని నిరూపించే పరీక్ష ఒకటి. తోటి పిల్లలంతా ఫ్రెంచి రాసి బయటపడ్డారు. ఝాన్సీ వ్యాసం పోచంపల్లి వైపు నేత ఇళ్ళలో ఆడవాళ్ళు రాసుకున్న పాత ఉత్తరాల గురించి. కాబట్టి ఆమె నిరూపించాల్సింది తెలుగు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివానని సర్టిఫికెట్ చూపిస్తే మార్గరెట్ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. పరీక్ష పరీక్షే. అవకాశాలు రెండు. రెండూ పోతే డిగ్రీ పోయినట్టే. నల్లగొండ పిల్లకు తెలుగు వచ్చో రాదో కెనడాలో తేలాలి, ఏం చేస్తాం!

"హిస్టరీనా? ఇక్కడ ఉండిపోవాలె గద, దానికి పీఆర్ వస్తదా?" అని వాటర్లూకొచ్చిన రోజు నుంచీ అడగని మనిషి లేడు. బస్సులో, ఇండియన్ స్టోర్లో, ఆఖరికి గదిలో కలిసుంటున్న భవిత కూడా. ఈ డిసెంబరుకి ఎం.ఏ. పూర్తయితే పీహెచ్‌డీలో సీటు ఖాయమని ప్రొఫెసరు మాటిచ్చారు. పూర్తికాకపోతే ఆ అడిగిన వాళ్ళందరి మాటా నిజమవుతుంది. ఆమె భయమంతా అదే.

కాగితం తిప్పింది. ఎవరిదో చేతిరాత జెరాక్స్. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కాస్త కుడికి వాలి ఉన్నాయి. మొదటి వాక్యం చదివి నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు. చలికాలం పిండి పులవదు, ఓవెన్‌లో లైటు వేసి పెట్టాలి."

దాని కింద 'కా' అనే అక్షరం, పక్కన తెలుగు అంకెల్లో ఒక ఫోను నంబరు. ౫౧౯ అని మొదలైంది. ఈ రోజుల్లో తెలుగు అంకెలు ఎవరు వేస్తారు? పాత ఉత్తరాల పుణ్యమా అని అవి ఆమెకు కొట్టిన పిండి. ఒక్కో అంకె ఇంగ్లీషులోకి మార్చి రాసింది. పరీక్ష పెట్టినాయన మహా కొంటె మనిషిలా ఉన్నాడనుకుంది. తర్వాతి పేరాకి వచ్చేసరికి నవ్వు పోయింది.

"ఆ పిల్ల వెళ్ళి ఇవాళ్టికి ఏడాది. చెప్పకుండా ఇంకో పిల్లని తెచ్చి గదిలో పెట్టుకోవడం తప్పే. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ రెండో పిల్లకి జ్వరం. సార్నియాలో అద్దెకున్న చోట హీటరు చెడిపోయి ఇక్కడికి వచ్చింది. రెండు రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. బయట మైనస్ పద్దెనిమిది. పెట్టెలు బేస్‌మెంట్ మెట్ల మీద ఈడుస్తున్న చప్పుడు వినపడకుండా నేను వంటింట్లో కుళాయి తిప్పి పెట్టుకున్నాను. కడగడానికి గిన్నెలేమీ లేవు. కుళాయి కట్టేసి, పులిహోర డబ్బా పట్టుకుని తలుపు తీసేసరికి ఇద్దరూ మలుపు తిరిగిపోయారు. కావ్యశ్రీ చెప్పులు మెట్ల కింద ఉండిపోయాయి. ఎవరివని ఆయన అడిగితే నావేనని చెప్పాను. ఏడాదిగా రోజూ వాటిని దాటుకుని వాషింగ్ మెషీను దగ్గరికి వెళుతున్నాను. ఒక్కరోజూ తొడుక్కోలేదు. నంబరు దొరికింది. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఆగాను. రేపు చేస్తాను."

ఝాన్సీ కలం కింద పెట్టి కిటికీ వైపు చూసింది. కింద బస్టాపులో పిల్లలు బరువైన బ్యాగులతో నిలబడి ఉన్నారు. అక్టోబరు ఎండ బాగానే ఉంది కానీ ఆమె స్వెటరు గుండీలు పెట్టుకుంది. మార్గరెట్ సూదులు టిక్కు టిక్కుమంటున్నాయి. పరీక్షకి ఇలాంటిది ఇస్తారా? ఎవరిదిది? ఆ రేపు వచ్చిందా?

అనుకుంటూ కూర్చుంటే టైము ఆగదు. ఇడ్లీ రవ్వతో సహా ఒక్క ముక్క వదలకుండా రాసి, రెండుసార్లు చదువుకుని, పావుగంట ముందే ఇచ్చేసింది. గదికెళ్ళి అన్నం వండుకుంది. కుళాయి తిప్పి గిన్నె కడుగుతూ చటుక్కున కట్టేసింది. ఆ చప్పుడు వెనక పెట్టెలేవో ఈడుస్తున్నట్టు అనిపించింది.

గురువారం ఫలితం వచ్చింది. ఫెయిల్.

మార్గరెట్ కూడా ఇబ్బంది పడింది పాపం. పరీక్షకుడి కాగితం మీద రెండే వాక్యాలు ఉన్నాయి. "చెప్పుల గురించిన వాక్యం తప్పు. అందువల్ల మొత్తం భావం తప్పు." కింద, ఈ భాషను చదవడంలో, రాయడంలో నాకు పూర్తి ప్రావీణ్యం ఉందని ధ్రువీకరిస్తున్నాను అనే అచ్చు వాక్యం దగ్గర సంతకం. కోదండరామ్.

"ఎవరీయన?" అని అడిగింది ఝాన్సీ.

మార్గరెట్ చెప్పింది. విశ్వవిద్యాలయంలో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేకపోతే ఊళ్ళో తెలుగు సంఘానికి ఉత్తరం రాశారట. వాళ్ళు తమ మాజీ అధ్యక్షుడి పేరిచ్చారట. రిటైరైన ఇంజనీరు, చాలా పెద్దమనిషి. పుస్తకాల్లోది కాకుండా అచ్చులో లేనిది ఏదైనా ఒక పేజీ ఇవ్వమని తామే అడిగామంది. రెండో పరీక్ష వచ్చే బుధవారం.

భవితకు చెప్తే మండిపడింది. కాఫీ షాపులో షిఫ్టు దిగి వచ్చి, టోపీ కూడా తీయకుండా మంచం మీద కూలబడింది.

"నీకు తెలుగు రాదా? బడిల నాకు నువ్వు రాసిచ్చిన లీవ్ లెటర్ చూసి మా సార్లు ఏడ్చేటోళ్ళు. ఆ ముసలాయనకేమైనా పిచ్చా?"

"వాక్యం తప్పని రాసిండు. ఏం తప్పో రాయలే."

"సరే, శనివారం బతుకమ్మకు వస్తడు గద. అక్కడే అడుగు."

"అడగొద్దని రూలు."

"రూలా! నువ్వూ నీ హిస్టరీ" అంది భవిత టోపీ విసిరేస్తూ.

శనివారం స్కూలు జిమ్ అద్దెకు తీసుకుని బతుకమ్మ పెట్టారు. తంగేడు ఎక్కడ దొరుకుతుంది, స్టోర్లో దొరికిన చామంతులతోనే పేర్చారు. ఆట మొదలయ్యేముందు పెద్దల ప్రసంగం. కోదండరామ్ గారు మైకు దగ్గరికి వచ్చారు. డెబ్భై దాటినా నిటారుగా ఉన్నారు. ఇస్త్రీ లాల్చీ, భుజాన కండువా. మాతృభాష తియ్యదనం గురించి పది నిమిషాలు గంటలా మోగే గొంతుతో మాట్లాడారు. జనం చప్పట్లు కొట్టారు. ఝాన్సీకి ఒళ్ళు మండింది. ఇంత ప్రేమున్న మనిషి నా తెలుగు తప్పంటాడా!

ప్రసంగం కాగితాలు ప్రసాదం బల్ల మీద వదిలేసి ఆయన పక్కకు వెళ్ళారు. ఝాన్సీ గరిటె పట్టుకుని దద్దోజనం వడ్డిస్తోంది. ఊరికే అటు చూసింది. గరిటె గాల్లో ఆగిపోయింది. మూడు పేజీలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆయన చదివిన తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు కొట్టి ఉంది.

అంతలో సంఘం సెక్రటరీ సుబ్బరాజు గారు వచ్చి, ముగ్గుల పోటీ గెలిచినవాళ్ళ పేర్లు తెలుగులో రాసిన చీటీ ఆయన చేతికి ఇచ్చారు. కోదండరామ్ గారు జేబు తడుముకున్నారు.

"కళ్ళజోడు మర్చిపోయానయ్యా. నువ్వే చదువు."

కళ్ళజోడు లాల్చీ పైజేబులోనే ఉంది. ఒక కాడ బయటికి కనిపిస్తోంది.

సుబ్బరాజు గారు దద్దోజనానికి ప్లేటు పట్టుకుని వచ్చినప్పుడు ఝాన్సీ నెమ్మదిగా అడిగింది. "అంకుల్ గారు బాగా మాట్లాడారు కదండీ. ఎక్కడ చదువుకున్నారు?"

"వాళ్ళ నాన్నగారు రైల్వే. చదువంతా బెంగాల్లోనూ బీహార్లోనూనట. మనిషి మటుకు తెలుగంటే ప్రాణం పెడతాడు." ఆయన గొంతు తగ్గించారు. "కమలకుమారి గారు పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఇలా మతిమరుపు. పెళ్ళి శుభలేఖ దగ్గర్నుంచి పంచాంగం దాకా చదివే పనంతా ఆవిడే చూసేది. ఏదో నోటుబుక్కు కూడా రాసుకునేది."

"వాళ్ళ బేస్‌మెంట్ అద్దెకు ఇచ్చేవారా అండీ?"

"ఇచ్చేవాళ్ళు. రెండేళ్ళ నుంచీ ఇవ్వట్లేదు. అసలు గదుల్లేక పిల్లలు అల్లాడిపోతున్నారా, ఆవిడ వద్దందిట. ఎందుకో ఎవరికీ తెలీదు."

ఝాన్సీకి తెలుసు. ఆ హాల్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ఎందుకు ఇడ్లీ రవ్వతో మొదలైందో ఇప్పుడు అర్థమైంది. తెలుగు చదవడం వచ్చిన మనిషి ఎవరూ ఆ పేజీని పరీక్షకు పంపరు. భార్య ఆఖరున ఏం రాసిందో తెలుసుకోవాలి, నాకు చదవడం రాదు కాస్త చదివి పెట్టమని ఊళ్ళో ఎవర్నీ అడగలేడు. యాభై ఏళ్ళుగా దాచుకున్న సిగ్గు అది. విశ్వవిద్యాలయం ఉత్తరం దేవుడు పంపినట్టు వచ్చి ఉంటుంది. ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. అవతలి గోడకానుకుని ఆయన వాళ్ళ కాళ్ళ వైపే చూస్తున్నారు. జాలేసింది. కోపమూ తగ్గలేదు. ఆయన సిగ్గుకి నా డిగ్రీయా బలి?

బుధవారం మార్గరెట్ రెండో కవరు చించి కాగితం చూసి కనుబొమలు ముడిచింది. తెలుగు రాకపోయినా ఆకారం గుర్తుపట్టింది. "ఇది పోయినసారిదే కదా? పొరపాటేమో, ఫోను చేస్తాను."

బయటికెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. "పొరపాటు కాదట. అదే రాయించమన్నారు."

ఝాన్సీ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు ఏమీ రాయలేదు. ఏం కావాలో ఆయన చెప్పకనే చెప్పారు. ఒక్క వాక్యం. "ఎవరివని ఆయన అడిగితే నావేనని చెప్పాను" అన్నది పక్కన పెట్టి, కావ్యశ్రీ చెప్పులు అన్నచోట నా చెప్పులు అని కమలకుమారి మాటగా రాస్తే చాలు. ఆయన సంతోషపడతాడు. తను పాసవుతుంది. పట్టుకునే నాథుడు లేడు. చిత్తుకాగితం మీద అలా రాసి కూడా చూసింది. చక్కగా అతికింది, అతుకు కూడా కనపడలేదు. పాసు, పీహెచ్‌డీ, దానికి పీఆర్ వస్తదా అన్న వాళ్ళందరి మొహాలు, అన్నీ ఆ ఒక్క వాక్యం అవతల ఉన్నాయి.

మళ్ళీ ఆ గుండ్రటి అక్షరాలు చూసింది. 'నావేనని' అన్న చోట సిరా కాస్త చిక్కగా ఉంది. అక్కడ కలం ఆగి ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ మొగుడితో చెప్పలేని ముక్క ఈవిడ ఈ ఒక్క చోట చెప్పుకుంది. పోయిన మనిషి లేచొచ్చి నేనలా అనలేదని తగువుపడదు. ఎవరేం రాస్తే అదే ఆవిడ మాటవుతుంది. తన వ్యాసం నిండా అలాంటి ఆడవాళ్ళే. ఇక్కడ ఒక్కరి నోరు నొక్కితే ఆ అరవై పేజీలూ ఏ మొహం పెట్టుకుని రాస్తుంది?

కుళాయి చప్పుడు వినిపించినట్టయింది. మార్గరెట్ వాటర్ బాటిల్ నింపుకుంటోంది, అంతే. చిత్తుకాగితం నలిపి జేబులో పెట్టుకుని, ఇడ్లీ రవ్వ నుంచి మొదలుపెట్టింది. పోయినసారి రాసిందే, మాటకి మాట.

బయటికి వచ్చేసరికి కారిడార్ బెంచీ మీద కోదండరామ్ గారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో స్టోరు సంచీ. ఆమెను చూసి లేచారు. మార్గరెట్ జవాబు కాగితం ఆయన చేతికిచ్చింది. నిలబడే చదివారు. ఇంగ్లీషు చదవడానికి మాత్రం కళ్ళజోడు వెంటనే దొరికింది.

"మళ్ళీ అదే రాశావు" అన్నారు.

"అక్కడ ఉన్నదే అది, అంకుల్."

"అబద్ధమైతే రెండుసార్లు ఒకేలా రాదు. అందుకే అదే పేజీ పెట్టించాను." ఆయన సంచీలోంచి చెప్పులు తీసి బెంచీ మీద పెట్టారు. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, దుమ్ము తుడిచి ఉన్నాయి. "ఎనిమిది నెలలు వీటిని కదపనివ్వలేదమ్మా. మా కమలవని. పొద్దున్నే ఓసారి కిందికి దిగి చూసి వస్తేగానీ కాఫీ తాగేవాణ్ణి కాదు. నువ్వు మొదటిసారి రాసింది చూసి మండిపోయింది. ఈ పిల్లకి తెలుగు రాదనుకున్నాను. అలా అనుకోవడం తేలిక కదా. నిన్న తన స్నో బూట్లు తెచ్చి పక్కన పెట్టాను. తనది తొమ్మిదో నంబరు. ఇవి ఆరు."

ఝాన్సీ వంగి చెప్పు అడుగున నంబరు చూసింది. ఆయన గొంతు తగ్గించారు.

"నాకు చదవడం రాదమ్మా. నీకు తెలుసనుకుంటా."

"తెలుసు అంకుల్. బతుకమ్మ రోజు చూశాను."

"తెలిసీ ఇదే రాశావా?" ఆయన పరీక్షకుడి ఫారం చూపించారు. "ఇక్కడ చదవడం వచ్చని సంతకం పెట్టాలి. పోయినసారి పెట్టేశాను. ఇప్పుడూ పెడితే నువ్వు పాస్. నిజం చెప్తే ఈ రెండు పరీక్షలూ చెల్లవేమో. ఏం చెయ్యమంటావు?"

పెద్ద ధర్మపన్నాలు ఏమీ రాలేదు ఆమె నోట్లోంచి. "పెట్టెయ్యండి అంకుల్" అంది. "ప్లీజ్. నాకు డిసెంబరే ఉంది."

ఆయన కలం తీశారు. ఫారం గోడకి ఆనించి పట్టుకున్నారు. కలం కాగితం మీద ఆగింది, కదల్లేదు.

"ఈ సంతకంతోనే కదమ్మా నిన్ను ఫెయిల్ చేసింది" అని కలం జేబులో పెట్టుకుని, చెప్పులు బెంచీ మీదే వదిలేసి, మార్గరెట్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఝాన్సీ ఆ చెప్పుల పక్కన కూర్చుని ఏడ్చింది. ఆయన మీద కోపంతో ఏడ్చింది, పెట్టెయ్యండి అన్నందుకు తన మీద సిగ్గుతో ఏడ్చింది. నాలుగు రోజులు గదిలోంచి కదల్లేదు. భవిత తెచ్చిన బన్నులు అలాగే ఉండిపోయాయి.

సోమవారం పొద్దున మార్గరెట్ ఫోను చేసింది. విభాగం పెద్దాయన ఆ పేజీనీ రెండు అనువాదాలనూ టొరంటోలో తెలుగు బాగా చదవగలిగిన ఒక ప్రొఫెసరుకి పంపారట. గంటలో జవాబు వచ్చిందట. రెండూ సరైనవే, ఒక్క మాట పోలేదు, తెలుగు అంకెలు కూడా. మొదటి ఫెయిల్ కొట్టేశారు. పాస్. "ఆవిడ ఇంకో ప్రశ్న అడిగారు" అంది మార్గరెట్. "ఈ పేజీ రాసిన మనిషి మర్నాడు ఫోను చేసిందా అని."

సాయంత్రం కాకముందే ఝాన్సీ రెండు బస్సులు మారి కోదండరామ్ గారింటికి వెళ్ళింది. థాంక్స్ చెప్పాలని బయలుదేరింది. తలుపు తీసిన మనిషిని చూశాక ఆ మాట పక్కన పెట్టింది. లాల్చీ నలిగి ఉంది. హాల్లో గోడకు తెలుగు క్యాలెండరు ఫిబ్రవరి దగ్గరే ఆగి ఉంది. ల్యాండ్‌లైన్ ఫోను పక్కన నోటుబుక్కు, ఆమె ఇంగ్లీషు అనువాదం, దాని మీద ఆయన మళ్ళీ ఇంటికి తెచ్చుకున్న నీలం చెప్పులు. అనువాదంలో ఫోను నంబరు కింద ఎర్ర గీత.

"నాలుగు రోజుల నుంచీ నొక్కుతున్నాను, తొమ్మిది అంకెలు. పదోది నొక్కలేకపోతున్నాను" అన్నారాయన. "తనెందుకు ఆగిందో ఇప్పుడు తెలుస్తోంది."

"నేనుంటాను అంకుల్. చెయ్యండి."

ఆయన కూర్చుని, స్పీకరు నొక్కి, ఒక్కో అంకె చూసుకుంటూ పదీ నొక్కారు. నాలుగుసార్లు మోగింది. ఎత్తారు. వెనకాల ఎక్కడో బస్సు చప్పుడు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, పరిగెత్తి వచ్చినట్టు ఊపిరి అందకుండా.

"ఆంటీ! మీ నంబరు తీసెయ్యలేదు నేను. ఎప్పటికైనా చేస్తారని తెలుసు ఆంటీ."

కోదండరామ్ గారు కుర్చీ ఫోనుకి దగ్గరగా జరుపుకున్నారు. ఆ పిల్ల మళ్ళీ "ఆంటీ?" అంది.

"నేనమ్మా కావ్యశ్రీ. అంకుల్‌ని."

అటువైపు బస్సు వెళ్ళిపోయిన చప్పుడు. పెట్టేస్తుందనుకుంది ఝాన్సీ. పెట్టెయ్యలేదు. గొంతు మాత్రం మారిపోయింది, ఇంటి ఓనరుతో మాట్లాడే గొంతైంది.

"చెప్పండి అంకుల్. ఆంటీకి ఇస్తారా ఒకసారి?"

ఆయన ఝాన్సీ వైపు చూశారు. నోటుబుక్కు తీసి, ఆఖరి పేజీ తెరిచి, రెండు చేతులతో ఆమెకు అందించారు. అందులో ఒక్క అక్షరం ఆయనకు తెలియదు, అయినా పేజీ తలకిందులు కాకుండా పట్టుకున్నారు.

ఝాన్సీ ఫోను దగ్గరికి జరిగింది. కమలకుమారి ఇక లేరన్న మాట ముందు చెప్పాలి, చెప్పింది. "మీకు ఇవ్వాల్సింది ఒకటుంది, చదవమంటారా?" అని అడిగింది. చాలాసేపటికి "ఊఁ" అని వినిపించింది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఒక్క క్షణం ఆగి, తర్వాత పేజీ మొదటికే వెళ్ళింది.

"మినప్పప్పు ఒక గ్లాసు," అని చదివింది, "ఇడ్లీ రవ్వ రెండు."